పెట్టె బాగుంది, మూతే ముంచింది

ఈ పెట్టె కొలతలు, ధర, ఎన్ని రోజుల్లో వస్తుంది అనేవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. టరాంటులా (పెద్ద బొచ్చు సాలీడు) పిల్లల్ని పెంచేవాళ్లలో చాలామంది కొనే ఆ చదరపు ఆక్రిలిక్ పెట్టె నా దగ్గర కూడా ఉంది. నా గొడవంతా దాని మూతతోనే.

ముందు మంచి చెప్పాలి. చిన్న డబ్బాలోంచి మా పిల్లను ఇందులోకి మార్చినప్పుడు అది కాళ్లు చాచితే నాలుగు సెంటీమీటర్లు ఉంటుందేమో. జాతి ‘చాకో గోల్డెన్ నీ’ (బంగారు మోకాలు అని), దాని సొంత ఊరు పరాగ్వే, అర్జెంటీనా గడ్డి మైదానాలు. ఇది నేల మీద బతికే రకం. ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోవచ్చు. అందుకని పెట్టెలో మూడింట రెండు వంతులు కొబ్బరి పొట్టు నింపాను. కోనసీమలో ఉండి పొట్టు కొనడమేమిటని మా బావ నవ్వాడు. పీచు మిల్లు దగ్గర గుట్టలుగా పడి ఉండేది ఉప్పు వదలని పచ్చి పొట్టు. కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటే అదే వాడుకోవచ్చు. నాకు లేదు, ఇటుకలా నొక్కి అమ్మేదే తెప్పించాను. దాక్కోవడానికి కార్క్ బెరడు మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? కొబ్బరి చిప్పలో కండ పూర్తిగా గీకేసి, నీళ్లలో మరిగించి, ఎండబెట్టి బోర్లించాను. చిప్ప కింద వేలితో చిన్న బొరియ మొదలుపెట్టి వదిలేశాను, మిగతాది అదే తవ్వుకుంది.

కొత్త ఇంట్లోకి వచ్చిన మొదటి రోజుల్లో అది గోడకే అతుక్కుని ఉంది, నేల మీద కాలు పెట్టదు. పొట్టు మరీ తడిగా, వదులుగా ఉంటే ఇవి అలాగే చేస్తాయి. పైపొర ఆరనిచ్చి, గట్టిగా అదిమాక దిగింది. తిండి పెట్టడానికి తొందరపడలేదు. సాలెదారం పరిచి, చిప్ప కింద పొట్టు తోడటం మొదలుపెట్టాకే తల నలిపిన కీచురాయి పిల్లను వేశాను. ఈ పని అంతటికీ పెట్టె చాలా అనువుగా ఉంది. నాలుగు వైపులా స్పష్టంగా కనబడుతుంది, ఎదురెదురు గోడలకు రంధ్రాలున్నాయి కాబట్టి గాలి అటూ ఇటూ ఆడుతుంది. పైన ఇనుప జాలీ లేదు, గోళ్లు ఇరుక్కుని కాలు ఊడుతుందన్న భయం లేదు. ఆ సంతోషంలో తెలిసినవాళ్లకల్లా కొనమని చెప్పాను.

అదంతా ఎండాకాలం మాట. కాలువలు కట్టేసిన రోజులు.

మా ఇల్లు రాజోలు వైపు, పంట కాలువ పక్కనే. జూన్‌లో నీళ్లు వదిలి, వానలు కూడా పట్టుకుంటే బీరువాలో బట్టలకు కూడా చెమ్మ వాసన వస్తుంది. పెట్టె మా పడకగదిలో ఉంటుంది, రాత్రిళ్లు ఏసీ నడుస్తుంది. ఆ రోజుల్లోనే మా పిల్ల తిండి మానేసింది. పొట్ట వెనక నున్నటి భాగం నల్లబడింది, చిప్ప ముందు పొట్టు, దారం కలిపి తలుపు మూసేసుకుంది. కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు కదపకూడదు, లోపల తిండి ఉంచకూడదు, తొట్టిలో నీళ్లు మాత్రం ఉండాలి. సరిగ్గా అప్పుడే మూత ఒక మూల పైకి లేచింది.

మొదట నేను సరిగా పెట్టలేదేమో అనుకుని నొక్కాను. వదలగానే మళ్లీ లేచింది. మూతకు రెండు అంచుల మధ్యలో అయస్కాంతాలున్నాయి, మూలల్లో ఏ పట్టూ లేదు. ఇంకో రెండు రోజులకు ఎదుటి మూల కూడా లేచింది. చిటికెన వేలి గోరు దూరేంత సందు. మనకు చిన్నదే. సాలీడుకు తల దగ్గరి గట్టి డిప్ప దూరితే మిగతా ఒళ్లంతా దూరుతుంది, పొట్ట మెత్తగా నొక్కుకుపోతుంది. బయటికి రావడం ఒక టెన్షన్ అయితే, చీమలు లోపలికి పోవడం అంతకన్నా పెద్ద టెన్షన్. కుబుసం విడిచే సాలీడు వెల్లకిలా పడుకుని ఉంటుంది, కొత్త చర్మం గట్టిపడేదాకా కదల్లేదు. ఎర్రచీమల దండు దాన్ని పట్టిందంటే మిగిలేది కుబుసమే.

అమ్మినవాళ్లకు ఫోటోలు పంపాను. ‘మా దగ్గర ఎవరికీ రాలేదండి’ అన్నారు. నిజమే అయుండొచ్చు, వాళ్లది పొడి ఊరు. సంగతేమిటంటే ఆక్రిలిక్ కొద్దికొద్దిగా నీటిని పీల్చుకుంటుంది. లోపలి వైపు పొట్టులోని చెమ్మ, పైవైపు ఏసీ పొడిగాలి. తడి తగిలిన వైపు ఉబ్బుతుంది, రెండో వైపు ఉబ్బదు. దాంతో నడుమ కిందికి దిగి మూలలు పైకి లేస్తాయి. తిరగేసి పెడితే కొన్నాళ్లకు చదునవుతుంది, తర్వాత మళ్లీ అదే కథ. పలుచని మూతలకు ఇది తప్పదు. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెబితే వాళ్ల సొమ్మేం పోతుందో!

తలుపు మూసుకున్న సాలీడు దగ్గర తిరగేయడాలూ టేపులూ కుదరవు. లోపలికి టేపు జిగురు తగిలితే ఇంకో ప్రమాదం. తాతయ్య కొట్టు మూసేశాక మిగిలిన తూకపు రాళ్లు తెచ్చి మూలల్లో పెట్టాను. పెట్టె మొత్తాన్ని నీళ్లు పోసిన పళ్లెంలో ఎత్తుపీట మీద నిలబెట్టాను, చీమల కోసం సున్నుండల డబ్బా పెడతామే, అలాగ. ఏసీ ఆపేసి ఉక్కపోతలో పడుకున్నాం. మామ్మ మాత్రం, ‘ఆ పురుక్కోసం మనం చెమటలు కక్కడవేంట్రా’ అని రోజూ అడిగేది. తలుపు తెరుచుకుని అది బయటికి వచ్చినప్పుడు కాళ్లు పొడుగై, మోకాళ్ల మీద బంగారు చారలు తేటగా కనబడ్డాయి. కోరలు నల్లగా గట్టిపడేదాకా ఆగి అప్పుడు పురుగు వేశాను.

తర్వాత అమలాపురంలో ఫోటో ఫ్రేములు కట్టే కొట్టులో మూత కొలతకు గాజు కోయించి, అంచులు సానపట్టించాను. బరువుంది, వంగదు. పక్క గోడల రంధ్రాలు ఉన్నాయి కాబట్టే ఇది నడుస్తోంది, గాలంతా మూతలోంచే రావాల్సిన పెట్టెకు ఈ ఉపాయం పనికిరాదు. ఆ రంధ్రాల మీద మొదట్లో ఉన్న మోజు కూడా కొంచెం తగ్గింది. వానాకాలంలో బయటి గాలే తడిసి ముద్దయి ఉంటే అటూ ఇటూ ఆడి ఏం లాభం? పొట్టు మీద తెల్లటి బూజు వచ్చింది, దూరం నుంచి టేబుల్ ఫ్యాన్ పెడితే గానీ తగ్గలేదు. ఇంకోటి, ఇది పెట్టె తప్పు కాదు గానీ, అదే గదిలో దోమల లిక్విడ్ పెట్టకండి. అందులోని మందు సాలీళ్లకు కూడా విషమే. మేం దోమతెరకు మారాం.

కొనమంటావా అంటే, మీ ఇల్లు ఎక్కడ అని అడుగుతాను. అనంతపురం, కర్నూలు వైపు వాళ్లకు ఈ మూత ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టకపోవచ్చు. డెల్టాలో అయినా ఏసీ లేని గదిలో మూతకు రెండు వైపులా చెమ్మే కాబట్టి ఇంతగా వంగకపోవచ్చు. గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలం సాలీడును ఇందులో పెట్టొచ్చా అని ఒకబ్బాయి అడిగాడు. అది చెట్టు తొర్రల్లో ఉండేది, నిలువు పెట్టె కావాలి. పైగా నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అంతరించిపోయే దశలో ఉన్న జీవి, దాన్ని అక్కడే ఉండనివ్వండి. నాలాగా కాలువ పక్కన ఉండి, ఏసీ వేసుకుని, నేల రకం పిల్లను పెంచేవాళ్లు మాత్రం పెట్టె వచ్చిన రోజే మూత కొలత రాసుకుని గాజు కొట్టుకు వెళ్లండి. నాకైన ఖర్చు ఆ పెట్టె కొరియర్ చార్జీ కంటే తక్కువే.