లోడరుకూ టిప్పింగ్ ట్రక్కుకూ ఒకే పంపు: ఆటోనగర్ వర్క్‌షాపు పనితనం

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో మా ట్రాక్టరుకు ముందు లోడరునూ, వెనుక టిప్పింగ్ ట్రక్కునూ ఒకే హైడ్రాలిక్ పంపుతో నడిచేలా అమర్చారు. లోడరు బకెట్టును ఎత్తడానికే కాక కిందికి నొక్కడానికీ ఆయిల్ ఒత్తిడి కావాలి కనుక దానికి రెండేసి పైపుల జాకీలను, తొట్టి తన బరువుతోనే దిగుతుంది కనుక ట్రక్కుకు ఒకే పైపు జాకీని బిగించారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఆయిల్‌ను కావలసిన వైపు మళ్లించే వాల్వు ఎంపిక: వెనుక ట్రక్కుకు పోయే ఒత్తిడి ఆయిల్‌కు వేరే దారి ఉన్న రకాన్నే తెచ్చి, ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపును నేరుగా ట్రాక్టరు ఆయిల్ నిల్వ ఉండే హౌసింగ్‌లోకి కలిపారు. ఆ దారి లేని చవక వాల్వు పెడితే, ట్రక్కు లేచినప్పుడల్లా ఆ ఒత్తిడి వాల్వు లోపలి సీళ్లమీద పడి అవి పాడవుతాయి. తొట్టి పూర్తిగా లేచినప్పుడు ఆయిల్ మట్టం ఎంత తగ్గుతుందో చూపించి, చాలినంత నింపి పంపారు. పైపులు మాత్రం వెనుక చక్రానికి మరీ దగ్గరగా వెళ్తున్నాయి. అక్కడ క్లాంపులు అడిగి వేయించుకోవాలి.