మెర్సిడెస్ 240డీకి బాష్ డ్యూరాటెర్మ్ గ్లో ప్లగ్గులు: మినసోటా చలిలో పనితీరు

1983 నాటి మెర్సిడెస్ 240డీ డీజిల్ కారు ఉన్నవారు, ముఖ్యంగా అమెరికాలోని మినసోటా వంటి చలిచోట ఉన్నవారు, ఇంజను అందుకోవడానికి ముందు లోపల వేడి పుట్టించే ఈ బాష్ డ్యూరాటెర్మ్ గ్లో ప్లగ్గులను నిస్సంకోచంగా కొనవచ్చు. అయితే చలికాలపు ఇబ్బందులన్నీ వీటితోనే తీరిపోతాయని ఆశించకూడదు.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ఉండదు. పిస్టన్ నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. ఈ ఇంజనులో కంప్రెషన్ నిష్పత్తి (గాలిని నొక్కే మేర) సుమారు 21:1 ఉన్నప్పటికీ, ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన ఉదయం చల్లబడిన ఇనుము ఆ వేడిని పీల్చేసుకుంటుంది కనుక, ప్రీచాంబర్లలో (ఇంధనం మొదట అంటుకునే చిన్న గదులలో) ఎర్రగా కాలే ప్లగ్గులే బండికి ఆధారం. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన, పేరు తెలియని సెట్టు ఒక్క శీతాకాలానికే మాడిపోయింది. డ్యూరాటెర్మ్ వేయించాక, గ్లో ప్లగ్గుల సూచిక దీపం ఆరిన తరువాత మరికొన్ని క్షణాలు ఆగి తాళం తిప్పితే ఇంజను తడబాటు లేకుండా అందుకుంటోంది. తెల్లపొగ కూడా బాగా తగ్గింది.

బిగించే పని మాత్రం సులువు కాదు. ఇంజెక్టర్ పైపుల కింద చేయి దూరదు. పాత ప్లగ్గులు తీశాక రంధ్రాలలో గట్టిపడిన మసిని రీమరు అనే పనిముట్టుతో గీకి తీయకపోతే కొత్త ప్లగ్గు మొన దానికి తగిలి త్వరగా చెడుతుంది. తొందరలో ఉన్న మెకానిక్ సాధారణంగా వదిలేసేది ఈ పనినే. కొనేముందు ప్లగ్గులకు కరెంటు పంపే రిలేలోని 80 ఆంపియర్ల ఫ్యూజును, వైరు విప్పి ఒక్కో ప్లగ్గు నిరోధాన్ని పరీక్షించాలి. ఒక ఓమ్‌కు అటూఇటూగా చూపితే ప్లగ్గు బాగున్నట్టే. 1980కి ముందు మెర్సిడెస్ డీజిల్ కార్లలో ప్లగ్గులన్నీ ఒకే వరుసలో కలిపి ఉండేవి, ఒకటి పోతే ఏదీ వేడెక్కేది కాదు. ఈ కారులో దేనికదే కనుక ఒకటి పోయినా ఇంజను వణుకుతూ, పొగ చిమ్ముతూ ఎలాగో అందుకుంటుంది, యజమాని దాన్ని చలి ప్రభావమనుకుని ఊరుకుంటాడు.

మైనస్ 20 దాటితే కథ వేరు. ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ శక్తి సుమారు సగానికి పడిపోతుంది. అప్పుడు ఇంజనును వేడిచేసే బ్లాక్ హీటరును కొన్ని గంటల ముందే ఇంటి కరెంటు సాకెట్టుకు తగిలించడం, 15డబ్ల్యూ-40 బదులు చలిలో అంతగా చిక్కబడని 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిలు వాడడం అవసరం. ఇంజను పక్కనున్న పారదర్శక ఫిల్టరులో డీజిల్ మసకగా కనిపిస్తే అందులోని మైనం గడ్డకడుతున్నట్టు. దానికి చలికి త్వరగా గడ్డకట్టని నంబర్ 1 డీజిల్ కలిపిన ఇంధనం పోయించాలే తప్ప ఎంత మంచి ప్లగ్గైనా చేయగలిగింది లేదు.