తుప్పు వదిలించే కరెంటు తొట్టి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పాత కారు పని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి ఇంజన్ కంటే తుప్పే ఎక్కువ టైం తినేస్తుంది. వైర్ బ్రష్, వెనిగర్, ఫాస్ఫారిక్ యాసిడ్ అన్నీ వాడి చూశాను. ఇప్పుడు మాత్రం తుప్పు పట్టిన చిన్న ఇనుప సామాను ఏది విప్పినా నేరుగా కరెంటు తొట్టిలోకే వేస్తున్నాను, అంటే సోడా నీళ్లలో కరెంటు పారించి తుప్పు వదిలించే పద్ధతి.

ఏర్పాటు చాలా తేలిక. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, నాలుగు లీటర్లకి సుమారు ఒక టేబుల్ స్పూన్ వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్. నెగటివ్ క్లిప్పు మన సామానుకి, పాజిటివ్ క్లిప్పు పారేయడానికి సిద్ధంగా ఉన్న ఇనుప ముక్కకి. ఇవి తారుమారైతే కరిగేది మన సామానే. క్లిప్పు పట్టుకునే చోట లోహం మెరిసేదాకా గీకాలి, లేకపోతే కరెంటు సరిగ్గా పారదు. ఇప్పటి స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు ఎదురుగా బ్యాటరీ లేకపోతే పనిచేయవు, పాత ట్రాన్స్‌ఫార్మర్ రకమే దీనికి బాగుంటుంది.

నాకు దీనిమీద ఇంత నమ్మకం ఎందుకంటే, ఇది తుప్పుని వదిలిస్తుంది కానీ మంచి లోహం జోలికి పోదు. యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంటే ఇనుము కూడా పోతుంది. తలుపు కీలు ఒకటి తొట్టిలో రాత్రంతా ఉంచి తీస్తే ఎర్ర తుప్పు పోయి నల్లటి మడ్డి మిగిలింది. కుళాయి కింద పట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దుతుంటే మడ్డి జారిపోయి, ఫ్యాక్టరీలో గుద్దిన పార్ట్ నంబరు అంకె తర్వాత అంకె పదునుగా బయటపడింది. గట్టి వైర్ బ్రష్ అయితే ఆ అంచులు అరిగిపోయేవి. పాత కారులో అసలు సామాను విలువ తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. తుప్పు తినేసిన గుంటలు మాత్రం అలాగే ఉంటాయి, పోయిన ఇనుము తిరిగి రాదు.

లోపాలూ ఉన్నాయి. పాజిటివ్ ముక్కకి ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రమవుతుంది, కాబట్టి చుట్టూ ముక్కలు పెట్టాలి, లేదా సామాను తిప్పుతూ ఉండాలి. గొట్టాలు, మూసుకున్న పెట్టెల లోపలికి దీని పనితనం అందదు. మడ్‌గార్డ్ లాంటివాటికి ఇంట్లో అంత తొట్టి ఎవరు పెట్టగలరు? పైగా కడిగిన నిమిషాల్లోనే మళ్లీ లేత తుప్పు పడుతుంది. వేడి గాలితో ఆరబెట్టి వెంటనే ప్రైమరో నూనో పట్టించాల్సిందే.

పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ ఎప్పుడూ పెట్టొద్దు. అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి క్యాన్సర్ కలిగించే రూపానికి మారుతుంది. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. మామూలుగానే హైడ్రోజన్ బుడగలు పైకి వస్తుంటాయి కాబట్టి తొట్టి ఆరుబయట ఉండాలి, ప్లగ్ తీశాకే క్లిప్పులు ముట్టుకోవాలి. అదే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. అందుకే స్ప్రింగులు, సస్పెన్షన్, స్టీరింగ్ బోల్టులు ఇందులో వేయను. అల్యూమినియం, జింక్ కలిసిన కార్బురేటర్లనైతే సోడా నీళ్లే తినేస్తాయి.