ఏయూ క్యాంపస్‌లో సైకిల్: ఏళ్లపాటు తొక్కాక తేలిన సంగతులు

విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో చేరి హాస్టల్లో ఉండేవాళ్లు సైకిల్ కొనుక్కోవచ్చా అంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కాకపోతే షాపులో ముందు వరసలో నిలబెట్టి చూపించే రకం వద్దు. లావు టైర్లు, ముందు షాకబ్జార్బర్లు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, ఇరవై ఒక్క గేర్లు... చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఇక్కడి ఉప్పు గాలికి రెండో వర్షాకాలం దాటేసరికి గేర్ల తీగలు బిగుసుకుపోతాయి, షాకుల గొట్టాలకు తుప్పు పట్టి కిందికి దిగితే పైకి లేవవు. వాటిని బాగు చేయించే ఖర్చుతో ఇంకో పాత సైకిలొస్తుంది. గేర్లు లేని మామూలు సైకిల్, 26 అంగుళాల చక్రాలు, అల్యూమినియం రిమ్ములు, రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో నొక్కిపట్టే వీ-బ్రేకులు, షాకుల్లేని ముందు ఫోర్కు. ఈ ఊరికి ఇదే సరైన జోడీ. దీన్ని ఎలా కొనాలి, ఎలా కాపాడుకోవాలి అన్నదే అసలు పని.

ముందు అవసరమేమిటో చూద్దాం. నార్త్ క్యాంపస్ అంటే ఇంజినీరింగ్ కాలేజీ వైపు. సౌత్ క్యాంపస్ అంటే ఆర్ట్స్, సైన్స్, లా కాలేజీలు, పరిపాలనా భవనం, వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉన్న వైపు. ఒక వైపు హాస్టల్లో ఉండి రెండో వైపు లైబ్రరీలో చదువుకునేవాళ్లకు నడక ఇరవై నిమిషాలు, సైకిల్ మీద ఏడెనిమిది. రోజుకు రెండుసార్లు తిరిగితే ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. అంతకంటే పెద్ద లాభం కాగితాల పనుల్లో కనిపిస్తుంది. ఏ యూనివర్సిటీలోనైనా ఒక సర్టిఫికెట్ కావాలంటే సంతకం ఒకచోట, చలానా ఒకచోట, మర్చిపోయిన జెరాక్స్ ఇంకోచోట. కౌంటరు మూసేలోపు ఈ మూడూ చుట్టి రావాలంటే సైకిల్ ఉన్నవాడిదే పైచేయి.

ఇక డౌన్లు. సిరిపురం వైపు నుంచి బీచ్‌కి దిగే ఏ రోడ్డు పట్టినా వాలే. పాండురంగాపురం డౌన్ సంగతి ఊళ్లో తెలియనివాళ్లుండరు. దిగడం సరదా, ఎక్కడం శిక్ష. పాతకాలపు సైకిళ్లకు సాధారణంగా ముందు పళ్లచక్రం 44 పళ్లు, వెనక ఫ్రీవీల్ 18 పళ్లు ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. సమతలం మీద బాగానే ఉంటుంది కానీ ఎత్తు ఎక్కాలంటే మోకాళ్లు పట్టేస్తాయి. ఫ్రీవీల్ మార్చి 22 పళ్లది వేయించుకుంటే అదే చుట్టుకి చక్రం రెండుసార్లే తిరుగుతుంది, ఎక్కడం సులువవుతుంది. గేర్ల సైకిల్ కొనాలనిపించే కారణాల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క మార్పుతో తీరిపోతుంది. చైను చాలకపోతే ఒక అంగుళం ముక్క కలపాలి, మెకానిక్‌కి ముందే చెప్పండి. లేకపోతే ఉన్న చైనునే లాగి, ఇరుసును ముందుకు నెట్టి బిగించేస్తాడు, వారంలో చైను బిర్రయి టకటకమంటుంది. అప్పటికీ ఎక్కలేకపోతే దిగి తోసుకుంటూ వెళ్లండి, ఈ ఊళ్లో అదేం నామోషీ కాదు.

ఇక్కడ సైకిల్‌కి అసలు శత్రువు తుప్పు. సముద్రం నుంచి వచ్చే తేమలోని ఉప్పు ఇనుము మీద పొరలా పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, వాన లేని రోజు కూడా చైను తడిసినట్టే లెక్క. మొదట పోయేది చైను, తర్వాత స్పోకుల చివర్న ఉండే నిపిల్స్, ఆ తర్వాత బ్రేకు తీగలు. చైనుకి నూనె వేసే పద్ధతి చాలామందికి తెలియదు. మురికి మీదే నూనె గుమ్మరిస్తారు. అది ఇసుకతో కలిసి రుబ్బుడు పొత్రంలా పళ్లను అరగదీస్తుంది. ముందు డీజిల్‌లో ముంచిన పాత గుడ్డతో చైను తుడవాలి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత లోపలి వైపు నుంచి ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క చొప్పున 90 నంబరు గేర్ ఆయిల్ వేస్తూ పెడల్ వెనక్కి తిప్పాలి. పది నిమిషాలాగి, పైన కనబడే నూనెంతా తుడిచెయ్యాలి. నూనె ఉండాల్సింది రోలరు లోపల, బయట కాదు. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన, ఒక్క వానకే కడుక్కుపోతుంది. కొబ్బరి నూనె ఊసే ఎత్తొద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది. డబ్ల్యూడీ-40 కొట్టి పని అయిపోయిందనుకుంటారు. అది బిగుసుకున్న నట్లు విప్పుకోవడానికి మంచిదే కానీ, చైనులో ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది, అది కొట్టాక మళ్లీ నూనె వెయ్యాల్సిందే.

మామూలు రోజుల్లో వారానికోసారి, వానలో తడిసిన ప్రతిసారీ, ఇసుకలోకి వెళ్లిన ప్రతిసారీ ఈ పని చెయ్యాలి. బీచ్ నుంచి వచ్చాక మంచినీళ్లతో మగ్గుతో మెల్లగా కడగాలి. పైపు పెట్టి గట్టిగా కొడితే నీళ్లు ఇరుసుల్లోకి పోయి గ్రీజును తోసేస్తాయి. ఫ్రీవీల్లో కరకరమని వినిపిస్తే లోపలికి ఇసుక చేరినట్టే. చైను అరిగిందో లేదో స్కేలుతోనే చూసుకోవచ్చు: ఒక పిన్ను నడిమధ్య నుంచి 24 లింకులు కొలిస్తే కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చెయ్యండి. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోతాయి, కొత్త చైను వేసినా జారుతుంది. అప్పుడు రెండూ కొనాలి. సీటు కింది గొట్టానికి ఏడాదికోసారి గ్రీజు రాసి మళ్లీ దించండి. లేకపోతే తుప్పుకి ఫ్రేముతో ఒకటైపోయి, ఎత్తు మార్చాలన్నా, అమ్మాలన్నా సుత్తితో తప్ప కదలదు.

బ్రేకుల విషయంలో మాత్రం డబ్బుకు చూసుకోకూడదు. మెరిసే ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బరు దాదాపు పట్టదు. వానలో పాండురంగాపురం డౌన్ మీద ఆ రిమ్ములతో దిగడం ప్రాణాలతో చెలగాటమే. అల్యూమినియం రిమ్ము తడిసినా బాగా పడుతుంది, తుప్పూ పట్టదు. ఇనుప రిమ్ములే ఉంటే వానలో ఆ దారుల్లో నడిపించుకుంటూ దిగండి. రబ్బరు మీద గాళ్లు కనిపించినంత కాలం పనిచేస్తుంది, నున్నగా అయితే మార్చాలి. రిమ్ము మీద చైను నూనె పొరపాటున పడితే సబ్బు నీళ్లతో కడిగి, రబ్బరును ఉప్పుకాగితంతో తేలిగ్గా గీకితే సరిపోతుంది.

గాలి గురించి ఎవరూ చెప్పరు కానీ, బీచ్ రోడ్డు మీద తొక్కేవాళ్లకు తెలిసుండాల్సింది అదే. మార్చి నుంచి మే దాకా సాయంత్రాల్లో గాలి నైరుతి నుంచి తీరం వెంబడే వీస్తుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు వెళ్లేటప్పుడు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది, ‘అబ్బో, మనలో ఇంత బలముందా’ అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది సంగతి. ఒంట్లో ఓపికలో మూడో వంతు ఖర్చయిందనిపించగానే వెనక్కి తిప్పండి, సగం అయ్యేదాకా ఆగొద్దు. తొక్కడానికి తెల్లవారుజామే మంచిది, ఎండ కూడా ఉండదు.

ట్యూబుల్లో రెండు రకాల వాల్వులున్నాయి. పాత సైకిళ్లకు సన్నటి రబ్బరు తొడుగు ఉన్న వాల్వు. అది ఎండకు ఎండిపోయి పగిలి గాలి దిగుతుంటే పంక్చరనుకుని ట్యూబంతా విప్పిస్తారు. ముందు ఆ తొడుగు మార్చి చూడండి, రెండు మూడు రూపాయల పని. 26 అంగుళాల కొత్త రకం వాటికి సాధారణంగా మోటారుసైకిల్ వాల్వే ఉంటుంది, పెట్రోలు బంకులో ఉచితంగా గాలి పట్టించుకోవచ్చు. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసుంటుంది, 26 అంగుళాల మామూలు టైరుకి 40 నుంచి 50 పీఎస్‌ఐ సరిపోతుంది. తక్కువ గాలితో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి జంట చిల్లులు కనిపిస్తే మేకు కోసం వెతక్కండి, తప్పు గాలిది. ఒకే చిల్లయితే టైరు లోపల వేలితో తడిమి చూడండి. మైదానం అంచుల్లో తొక్కేవాళ్లకు పల్లేరు కాయలు తప్పవు. ముల్లు తియ్యకుండా ప్యాచీ వేస్తే సాయంత్రానికి మళ్లీ అదే కథ.

కొనడానికి మంచి కాలం ఏప్రిల్, మే. ఆఖరి సంవత్సరం వాళ్లు పరీక్షలు ముగించి, ఊరెళ్లే తొందరలో వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. జూలైలో అయితే అదే సైకిల్‌కి కొత్తగా చేరినవాళ్లు పోటీపడతారు. చూడాల్సినవి కొన్నే. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరు దగ్గర రిమ్ము అటూ ఇటూ ఎంత ఆడుతోందో చూడండి. కొద్దిగా ఉంటే స్పోకులు బిగించి అవుట్ (వంకర) తీయించుకోవచ్చు, స్పోకులే తుప్పుకి విరుగుతుంటే వదిలెయ్యండి. క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, పట్టుకుని పక్కలకు కదిపితే లోపల ఆడుతోందా? బీబీ సెట్ (క్రాంకు తిరిగే ఇరుసు, దాని బేరింగులు) పోయింది, మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. హ్యాండిల్ కింద, ఫ్రేము అతుకుల దగ్గర పెయింటు ఉబ్బితే లోపల తుప్పు తినేస్తున్నట్టు. అక్కడ మాత్రం బేరమే వద్దు. బ్రాండు గురించి బెంగ పెట్టుకోకండి. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. అయినా ఆ పాత సైకిళ్లకు వేరే కంపెనీల చైన్లు, ఫ్రీవీళ్లు, బీబీ సెట్లు ఇప్పటికీ సరిపోతాయి. కొన్నాక, ఊళ్లో కొత్త బళ్లకు పూజ చేయించే సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్తారా, మీ ఇష్టం. నిమ్మకాయ మీదుగా తొక్కించే ముందు టైర్లో గాలుందో లేదో చూసుకోండి.

తాళం విషయంలో సన్న తీగ తాళాలు కొనడం దండగ, చిన్న కట్టరుకే తెగుతాయి. లావు గొలుసు గానీ యూ ఆకారపు ఇనుప తాళం గానీ తీసుకుని, ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి నేలలో పాతిన కడ్డీకి వెయ్యాలి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే ఆ చక్రం ఒక్కటే మీకు మిగలొచ్చు. చేత్తో విప్పే సీటు మీట ఉంటే మామూలు బోల్టు వేయించండి. పెడల్ గొట్టం అడుగున ఫ్రేము నంబరుంటుంది. దాన్నీ, రసీదునూ కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి. పోలీసు స్టేషన్లో అడిగే మొదటి ప్రశ్న అదే.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే చెట్ల కింద నుంచి సైకిల్ తీసేసి వరండాలోకి చేర్చండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ క్యాంపస్‌లో ఎన్ని మహావృక్షాలను పడగొట్టిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతికీ, వేసవికీ ఊరెళ్లేటప్పుడు చైనుకి కాస్త ఎక్కువ నూనె వేసి, టైర్లలో గాలి నిండుగా పట్టించి, లోపల తాళం వేసి వెళ్లండి. పైన ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, తేమ లోపలే ఉండిపోయి బయట పెట్టిన దానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. పాత దుప్పటి చాలు.

గాజువాక, కూర్మన్నపాలెం నుంచి రోజూ వచ్చేవాళ్లకు ఇదంతా అనవసరం. ఆర్టీసీ స్టూడెంట్ పాసు తీసుకుని మద్దిలపాలెంలో దిగడమే మేలు. లోపల తిరగడానికి కావాలనుకుంటే హాస్టల్లో ఉండే స్నేహితుడితో కలిసి ఒక పాత సైకిల్ వాటాకు కొనుక్కోండి. నూనె ఎవరు వెయ్యాలన్నది మాత్రం ముందే తేల్చుకోండి.