మఠంలో సన్యాసా, వీధిలో ఫ్రాన్సిస్కనా?

మధ్యయుగ యూరప్‌లో ఒక క్రైస్తవుడు దేవుడి కోసం అన్నీ వదిలేయాలంటే రెండు దారులు కనిపిస్తాయి, మఠంలో సన్యాసిగా ఉండిపోవడం లేదా ఫ్రాన్సిస్కన్‌గా, అంటే ఫ్రాన్సిస్ అనే సాధువు అనుచరుడిగా ఊళ్ళు తిరగడం, కానీ రోజు గడిచే తీరు మాత్రం అస్సలు ఒకటి కాదు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సాధువు పెట్టిన నియమం ప్రకారం సన్యాసి చనిపోయేదాకా ఒకే మఠంలో ఉండాలి. పగలు ఏడుసార్లు, రాత్రి నిద్ర లేచి ఇంకోసారి ప్రార్థన, మధ్యలో పొలం పని, చదువు, రోజుకు సుమారు ఒక పౌను రొట్టె, కొంచెం వైన్ కూడా. అంటే తిండికి టెన్షన్ లేదు, ఎందుకంటే మఠానికి భూములుండేవి.

1209లో పోప్ మూడో ఇన్నోసెంట్ నోటిమాటగా ఒప్పుకున్న ఫ్రాన్సిస్ బృందానికి ఆ భరోసా లేదు. డబ్బు ముట్టుకోకూడదు, పని చేయాలి, చాలకపోతే అడుక్కోవాలి, ఊరూరా తిరుగుతూ జనానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. నాకు ఈ రెండోదే నచ్చుతుంది, పేదవాడి పక్కన నిలబడింది వీళ్ళే. అయితే పాత పుస్తకాలను చేత్తో రాసి కాపాడటంలో మఠాల సన్యాసులు చేసిన మేలు చాలా పెద్దది.