పాత చెక్ డ్యాం తొలగింపు: ఒక కాంట్రాక్టు సంస్థ పనితీరు

అనంతపురంలో మా కాలనీ పక్కగా పారి నడిమివంకలో కలిసే చిన్న వాగుకు అడ్డంగా ఉన్న పాత చెక్ డ్యాంను, జలవనరుల శాఖ అనుమతి పొందిన తర్వాత, కాలనీ సంఘం ఒక స్థానిక కాంట్రాక్టు సంస్థ చేత ఈ వేసవిలో తీయించింది. దానిని కట్టిన నాడు దిగువన తోటలుండేవి, ఇప్పుడున్నవన్నీ ఇళ్లే. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి నగరంలోని పలు కాలనీలు మునిగినప్పుడు, ఈ కట్టకు తగిలిన వరద మా వీధుల్లోకి మళ్లింది.

సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే ఉన్న జిల్లాలో కట్టను తీస్తే బోర్లు ఎండిపోవా అని కొందరు పెద్దలు అడిగారు. ప్రశ్న సబబైనదే. అయితే కట్ట అంచు దాకా మెత్తని బురద మేట వేశాక నీరు ఇంకేది స్వల్పం, వరదకు అడ్డు మాత్రం మిగులుతుంది.

సంస్థ పనిలో మెచ్చుకోదగినది తొందరపడకపోవడం. ముందుగా మేటను టిప్పర్లకెత్తి తరలించి, ఆ తర్వాతే బ్రేకర్ బిగించిన ఇటాచీతో కట్టను పైనుంచి అంచెలంచెలుగా దించారు. తవ్విన చోట అడుగున ముతక ఇసుక, దాని మీద జానెడు ఎర్రమట్టి, ఆపైన క్యారీబ్యాగులు చిక్కుకున్న నల్లని మురుగు పొరలుగా కనిపించాయి. అమెరికాలో ఎల్వా నది మీది రెండు డ్యాంలను కూడా 2011 నుంచి 2014 వరకు దశలవారీగానే తొలగించారు. అక్కడ మేటలో చాలా భాగాన్ని నదికే వదిలారు గానీ, మన వంకల మురుగును అలా వదిలితే తొలి వానకే దిగువ కల్వర్టు పూడిపోతుంది. కట్ట పోగానే వాగు అడుగు ఎగువకు కోసుకుపోతుందని వారే చెప్పి, ఒప్పందంలో లేకున్నా, ఎగువనున్న వంతెన పునాదుల వద్ద బండరాళ్లు పరిచారు.

బిల్లు దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాము. ఘనపు మీటర్లలో కాక ట్రిప్పుల లెక్కన వసూలు చేయడంతో, సగం నిండిన టిప్పరుకూ పూర్తి డబ్బు కట్టవలసి వచ్చింది. కట్ట దిగువనున్న కాంక్రీటు గచ్చును కూడా అలాగే వదిలేశారు. అడుగు ఎత్తున్న ఆ గచ్చుకు అప్పుడే చెత్త తట్టుకుంటోంది. ఐదింట మూడున్నర ఇస్తాను. వీరికి పని అప్పగించేవారు గచ్చు తొలగింపును, మట్టి పోసే చోటును, కొలత పద్ధతిని ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. మా గచ్చుకు వారు ఇప్పుడు వేరే కొటేషన్ ఇచ్చారు.