లిబ్రెఆఫీస్ హెడ్‌లెస్: నాలుగేళ్లు వాడాక నా మాట

హన్మకొండలో మాదొక చిన్న ఆఫీసు, చిట్‌ఫండ్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. చిట్టీ కట్టని ఇల్లు మా దగ్గర వెతికితే గాని దొరకదు కాబట్టి పనికి కొదవ లేదు, కానీ ఆ పనిలో సగం కాగితాలే. పాట నోటీసు, ష్యూరిటీ పత్రం, బకాయి నోటీసు, రసీదు, అన్నీ వర్డ్ టెంప్లేట్లు. పేరు, టికెట్ నంబరు, రూపాయలు నింపి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపాలి, అదీ ఎవరూ కూర్చుని సేవ్ యాజ్ కొట్టకుండా రాత్రిపూట దానంతట అదే అయిపోవాలి. ఇప్పుడు ఆ పని చేస్తున్నది లిబ్రెఆఫీస్, వర్డ్ లాంటిదే కానీ ఉచితం. హెడ్‌లెస్ అంటే దాన్ని తెర లేకుండా నడపడం.

మొదట్లో అందరిలాగే విండోస్ మెషీన్ మీద వర్డ్‌నే పైథాన్ ప్రోగ్రామ్‌తో నడిపించాం. పీడీఎఫ్ మాత్రం అద్దంలా వచ్చేది, ఆ మాట ఒప్పుకోవాలి. తంటా ఏంటంటే వర్డ్ మనిషి ఎదురుగా ఉన్నాడనుకుని పనిచేస్తుంది. పాత ఫైల్ రికవర్ చేయాలా అని తెర వెనక ఒక డబ్బా తెరిచి, ఎవరో ఓకే నొక్కుతారని తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఇంటోళ్లతో వేయిస్తంభాల గుడి దగ్గర ఉంటే క్లయింట్ మేనేజర్ ఫోన్, ఒక్క నోటీసూ పోలేదని. ఆ జనంలో నుంచి బండి తీసుకుని ఆఫీసుకొచ్చి చూస్తే టాస్క్ మేనేజర్ నిండా వర్డ్‌లే. మనుషులు లేని సర్వర్ మీద ఆఫీస్‌ను ఇలా నడపొద్దని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసి పెట్టారని నాకు ఆ రాత్రే తెలిసింది.

అప్పుడు లిబ్రెఆఫీస్‌కు మారాం. విండోస్ బదులు ఉబుంటు లైనక్స్, రెండు జీబీ ర్యామ్ ఉన్న సర్వర్, పైసా లైసెన్స్ లేదు. సాఫీస్ అనే కమాండ్‌కు హెడ్‌లెస్, కన్వర్ట్ టు పీడీఎఫ్, అవుట్‌డిర్ అని తగిలిస్తే తెర లేకుండానే పని చేసుకుపోతుంది. మొదటి రోజు ఇంగ్లీష్ లెటర్ ఒకటి చేసి చూసి, ఇంత సులువా అని అందరికీ చాయ్ చెప్పించాను. కొంచెం తొందరపడ్డాను.

రెండో రోజు తెలుగు ష్యూరిటీ పత్రం పెడితే ఒక పేజీది రెండు పేజీలైంది. మ్యాటరంతా మొదటి పేజీలో, సంతకం గీత ఒక్కటే రెండో పేజీలో. ఖాళీ కాగితం మీద సంతకం ఎవడు పెడతాడయ్యా అని మేనేజర్ అరిచాడు, ఆయన తప్పేం లేదు. టెంప్లేట్‌లో ఉన్నది గౌతమి ఫాంట్, అది విండోస్‌ది, మా సర్వర్‌లో లేదు. లేనప్పుడు లిబ్రెఆఫీస్ ఎర్రర్ ఇవ్వదు, తన దగ్గరున్న ఇంకో తెలుగు ఫాంట్ తొడిగేస్తుంది. దాని వత్తులకు, గుడులకు వరుస ఎత్తు వేరు, ఒక్కో లైన్ కొంచెం కొంచెం జరిగి చివరికి సంతకం కిందికి జారిపోతుంది. ఇంగ్లీష్‌కు ఈ బాధ తక్కువ, కాలిబ్రి బదులు కార్లిటో, కాంబ్రియా బదులు కలాడియా అని సరిగ్గా అదే వెడల్పుతో చేసిన ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, వేసుకుంటే లైన్లు కదలవు. తెలుగుకు అలాంటి జోడీ నాకు దొరకలేదు. అందుకని ఉల్టా పని చేశాం: టెంప్లేట్లన్నీ నోటో సాన్స్ తెలుగులోకి మార్చి, అదే ఫాంట్‌ను సర్వర్‌లోనూ, టెంప్లేట్లు తయారుచేసే సిస్టమ్‌లోనూ పెట్టాం. ఫాంట్ వేశాక సిస్టమ్ దాన్ని గుర్తుపట్టడానికి ఎఫ్‌సీ క్యాష్ అనే కమాండ్ కొట్టాలి, తర్వాత పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్‌తో పీడీఎఫ్‌లోకి నిజంగా ఏ ఫాంట్ ఎక్కిందో చూసుకోవాలి. నేనిప్పటికీ కొత్త టెంప్లేట్ వస్తే కళ్లతో చూసేకంటే ముందు అదే చేస్తాను.

పైథాన్ డాక్స్ లైబ్రరీతో పేర్లు నింపేవాళ్లకు ఇంకో గుంత ఉంది. అందులో ఫాంట్ పేరు పెడితే అది ఇంగ్లీష్ అక్షరాలకే పడుతుంది, తెలుగుకు వర్డ్ ఫైల్‌లో సీఎస్ (కాంప్లెక్స్ స్క్రిప్ట్) అని వేరే గడి ఉంటుంది, బోల్డ్‌కూ అంతే, రెండోది విడిగా పెట్టాలి. ఇది తెలియక పేరు బోల్డ్‌లో ఎందుకు రావట్లేదని వారం రోజులు లిబ్రెఆఫీస్‌ను తిట్టాను, పాపం దానికేం సంబంధం లేదు.

ఇక అను ఫాంట్ల కథ. పాత టెంప్లేట్లన్నీ చౌరస్తా దగ్గర డీటీపీ అన్న కొట్టినవి, అన్నీ అను ఫాంట్‌లోనే. అది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కాదు, ఇంగ్లీష్ అక్షరాల జాగాలో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టినది. ఆ ఫాంట్ లేని సర్వర్‌లో బకాయి నోటీసు మొత్తం పిచ్చి గీతలుగా వచ్చింది. యూనికోడ్‌లో మళ్లీ కొట్టమంటే "గిదేం ఫాంట్ తమ్మీ, అక్షరాలు ఎండిపోయినట్టున్నయ్, నోటీస్ అంటే జర బరువుండాలె" అన్నాడు అన్న. ఆయన మాటలో నిజం ఉంది, అను అందం వేరు. కానీ పేరు డేటాబేస్ నుంచి యూనికోడ్‌లో వస్తుంది, చుట్టూ మ్యాటర్ అనులో ఉంటుంది, రెండూ ఒక కాగితం మీద అస్సలు అతకవు. ఆర్నెల్లు పట్టింది, అన్నీ కొట్టిచ్చాడు.

నడకలో తెలుసుకున్నవి ఇంకొన్ని. ఒకే ప్రొఫైల్ (లిబ్రెఆఫీస్ తన సెట్టింగ్‌లు దాచుకునే ఫోల్డర్) మీద రెండు కన్వర్షన్లు ఒకేసారి మొదలుపెడితే రెండోది ఏమీ అనకుండా ఊరుకుంటుంది, ఫైల్ రాదు. నెల మొదట్లో పాటలన్నీ ఒకేసారి వచ్చినప్పుడు ఇదే దెబ్బ తగిలింది. యూజర్ ఇన్‌స్టలేషన్ అనే సెట్టింగ్‌తో ఒక్కోదానికి వేరే ఫోల్డర్ చూపిస్తే ఆ గొడవ పోతుంది. ఫైల్ తయారుకాకపోయినా ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే పని సవ్యంగా అయిందని చెప్పిన రోజులున్నాయి, కాబట్టి దాని మాట నమ్మకండి, పీడీఎఫ్ ఉందా, సైజు ఉందా అని మీరే చూసుకోండి. టైమవుట్ పెట్టి చంపేటప్పుడు సాఫీస్ ఒక్కదాన్నే చంపితే సరిపోదు, అసలు పనిచేసేది దాని కింద పుట్టిన సాఫీస్ డాట్ బిన్, అది బతికే ఉండి ర్యామ్ తింటుంది, రెండూ కలిసి ఉండే ప్రాసెస్ గ్రూపును మొత్తంగా చంపాలి. ఇక ఒక్కో ఫైల్‌కు ఒక్కోసారి లేపితే లేవడానికే టైం పోతుంది, ఒకే కమాండ్‌కు ఫైళ్లన్నీ కలిపి ఇచ్చేస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. లిబ్రెఆఫీస్ ఎప్పుడూ మేలుకొని ఉండాలంటే దాన్ని అలా నడిపి ఉంచే యునోసర్వర్ అనే టూల్ ఉంది. పాత పోస్టుల్లో కనిపించే యునోకన్వ్ అనే పాత కన్వర్షన్ టూల్ జోలికి మాత్రం ఇప్పుడు పోకండి, దాన్ని చేసినవాళ్లే ఆపేసి యునోసర్వర్ వాడమంటున్నారు.

రెండేళ్లుగా రాత్రి ఫోన్లు లేవు. ఒక్క క్లయింట్ లెటర్‌హెడ్ మాత్రం దీనికి లొంగలేదు, లోగో మీద టెక్స్ట్ బాక్సు, దాని మీద ఇంకో టెక్స్ట్ బాక్సు, ఎట్లా చేసినా ఒకటి పక్కకు జరుగుతుంది. వాళ్ల నోటీసులు నెలకు పదిహేనో ఇరవయ్యో, వాటిని మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వర్డ్ తెరిచి చేత్తోనే సేవ్ యాజ్ కొడుతున్నాను.